గంగ అవతలి చెల్లె

మా బాపమ్మకు సొంత భూమి ఎన్నడూ లేదు. పుట్టినింట్ల లేదు, మెట్టినింట్ల లేదు. మా తాత బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి అంకిస దిక్కు వరి పొలాలల్ల నాట్లకు, కోతలకు కూలికి పోయేటోళ్లట. తాత నేను పుట్టకముందే పోయిండు. అయినా ఎవలన్న అడిగితే బాపమ్మ "నాకు తోట ఉన్నది" అని చెప్పేది. అది అబద్ధం కాదు. ఏటా చలికాలం ముదిరినంక గంగ ఆమెకు ఒక తోట ఇచ్చేది, వానలు పడంగనే వాపసు తీసుకునేది.

మా ఊరు సిరొంచ. ఊరి పక్కపొంటే ప్రాణహిత పారుతది. మా దిక్కు ఏ పెద్ద నదినైనా గంగ అనే అంటరు. వానకాలం ఆ గంగ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఎర్రగ నిండి పారుతుండే. దీపావళి దాటి చలి పెరిగినంక నీళ్లు సన్నగిల్లి, నడుమ ఒక పాయ మిగిలేది. తక్కినదంతా ఇసుకనే. ఆ ఇసుక ఎవలదీ కాదు. భూమి లేనోళ్లు పోయి తలా ఇంత జాగ గీసుకొని, చుట్టూ ముళ్లకంప నాటి, గుంతలు తీసి అడుగున పెంట ఎరువు పోసి, తర్బూజ గింజలు, దోస గింజలు పెట్టుకునేటోళ్లు. తీగ పారి కాయ కాసి అమ్ముడుపోయేసరికి మబ్బులు కమ్మేవి.

నేను చెప్పేది ఎనభైల నడుమ ముచ్చట. అప్పటికి మా జిల్లా చాంద నుంచి విడిపోయి గడ్చిరోలి అయి చాన రోజులు కాలే. మా నాయిన ఇంకా చాంద జిల్లా అనే అంటుండే. గంగ నడుమ రెండు రాష్ట్రాల సరిహద్దు ఉన్నదని నేను బళ్లె మరాఠీల చదువుకున్న. కానీ ఆ గీత నీళ్లల్ల ఎక్కడున్నదో చూపెట్టేటోళ్లు ఎవలూ లేరు. ఈ ఒడ్డున మాట్లాడేది తెలుగే, ఆ ఒడ్డున మాట్లాడేదీ తెలుగే.

ఎండకాలం సెలవులు ఇచ్చిండ్రంటే నేను బాపమ్మతోని ఇసుకల గుడిసెలనే ఉండేదాన్ని. ఇంట్ల మా అమ్మ ఒకటే బెంగ పడేది, పిల్ల నల్లబడుతది, వడదెబ్బ తాకుతది అని. బాపమ్మ వినేది కాదు. పొద్దుగాల్నే లేపి పాయ నీళ్లల్ల ముంచి తీసి, ఇంత అంబలి తాగిపిచ్చేది. ఇసుకల మోచేయి లోతు గుంత తీస్తే నీళ్లు ఊరుతయి, దాన్ని చెలిమె అంటం. ఆ చెలిమెల నుంచి చిన్న కుండతోని నీళ్లు ముంచి ఒక్కొక్క పాదుకు పొయ్యడమే మా పని. బాపమ్మ పొట్టి మనిషి. కానీ ఆమె నడకకు నేను ఉరికితే గాని అందకపోయేది. నీళ్లు పోసుకుంట పాదులతోని మాట్లాడేది. "నిన్న గింత పోసిన గదనే, ఇంకెంత కావాలె నీకు" అని ఒకదాన్ని తిట్టేది, పక్కదాన్ని బుజ్జగించేది.

కాయ పండిందో లేదో చూసుడు నాకు ఆమెనే నేర్పింది. నా చెయ్యి పట్టి కాయ మీద తట్టిపిచ్చేది. పచ్చిగున్న కాయ నుదురు మీద తట్టినట్టు చప్పుడు చేస్తదట, పండిన కాయ రొమ్ము మీద తట్టినట్టు. నేను ఒకసారి కాయ మీద, ఒకసారి నా నుదురు మీద, ఒకసారి బాపమ్మ రొమ్ము మీద తట్టుకుంట తోటంతా తిరిగేదాన్ని. నక్కలకు మాత్రం ఈ చదువు ఏదీ అక్కరలేకుండె. మంచి కాయను మాకంటె ముందే కనిపెట్టి కొరికి పెట్టి పోయేటియి.

పాయకు అవతల, ఆ ఒడ్డు ఇసుకల, మా గుడిసెకు ఎదురుగ ఇంకొక గుడిసె ఉండేది. అందుల ఒక ముసలామె ఉంటుండే. అంత దూరం నుంచి మొఖం కనపడకపోయేది. చీర రంగు, వంగి లేచుడు, కుండ పట్టుకొని నడుచుడు మాత్రం కనపడేది. బాపమ్మ ఆమె ముచ్చట తీయని రోజు లేదు. పేరు పెట్టి మాత్రం ఎన్నడూ అనలే. "అవతలిది" అనేది.

అవతలిది ఈ ఏడు గుంతలు తొందరగ తీసింది, చలికి మొలకలు సస్తయి చూడు, అనేది. అవతలిది పాదులను నీళ్లల్ల ముంచుతున్నది, తీగ కుళ్లుతది అనేది. అవతలిదానికి కంప నాటుడు రాదు, మేకలు పడితె గాని బుద్ధి రాదు అనేది. పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చి, లేచి నిలబడి, కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని అటు దిక్కు చూసేది. ఆ గుడిసె మీద పొగ లేస్తే "ఆ, లేసింది" అని గొణిగి తన పనిల పడేది. నేను, ఆమె ఎవరు బాపమ్మా అని చాన సార్లు అడిగిన. "ఎవరో. నాకేం ఎరుక" అనేది. ఎరుక లేని మనిషి గురించి ఇంత చెప్పుడు ఏందని నాకు అనుమానం.

ఆఖరికి మా అమ్మనే చెప్పింది. ఆమె బాపమ్మకు సొంత చెల్లె. నాకు చిన్న బాపమ్మ అయితది. చెన్నూరు దిక్కు ఒక పల్లెల ఉంటది. వాళ్లిద్దరికీ అన్నదమ్ములు లేరు. తల్లి ముసలితనంల చిన్నబిడ్డ కాడనే ఉండేది. ఒక వానకాలం ఆ తల్లి పోయింది. ఒక నావాయన పొద్దుగాల్నే ఎట్లనో గంగ దాటి వచ్చి కబురు చెప్పిండు. బాపమ్మ చీర మూట కట్టుకొని రేవుకు పోయేసరికి, ఎగువ వానలకు గంగ ఇంకింత పెరిగింది, నావలన్నీ కట్టేసిండ్రు. ఎంత బతిలాడినా ఎవలూ విప్పలే. పొద్దంతా రేవుల రాయి మీద కూసొని, చీకటి పడేటప్పుడు మా నాయిన పోయి ఎత్తుకొచ్చినట్టు తెచ్చిండట. నీళ్లు తగ్గినంక దినాలకు పోతే, చెల్లె ఆమెకు కాళ్లు కడుక్కునేటందుకు నీళ్లు కూడ ఇయ్యలే. అందరి ముంగట "అమ్మ పోయిన్నాడు రానిదానివి, ఇప్పుడెందుకొచ్చినవ్" అన్నదట. బాపమ్మ అట్లనే వెనుకకు తిరిగి నావ ఎక్కింది. అప్పటి నుంచి మాట లేదు. కానీ ప్రతి ఏడూ గంగ ఇసుక ఇడువంగనే, ఆమె ఆ ఒడ్డున, ఈమె ఈ ఒడ్డున, సరిగ్గ ఎదురుబొదురుగ గుడిసెలు వేసుకునేటోళ్లు. అంత పెద్ద గంగల వేరే జాగనే లేనట్టు.

నేను మూడో తరగతి పాసైన ఎండకాలం, ఎండలు జాస్తి ఉండే. మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెడితె బొబ్బలు లేసేది. తోటల కాయలు మంచిగ దిగినయి. మా వాడకట్టుల పండ్ల బేరం చేసే ముస్లిం పెద్దాయన ఒకాయన ఉండే. తాతల కాలం నుంచి వాళ్లది సిరొంచనే. ఊరంతా చాచా అని పిలిచేది. ఆయన ఎడ్లబండి కట్టుకొని ఇసుకల దాకా వచ్చి, మా కాయలు నింపుకొని పోయి, అల్లపల్లి దిక్కు పోయే లారీలకు ఎత్తుతుండే. ఒకనాడు పొద్దుగాల అట్లనే ఆయన వచ్చి బండి నింపుతున్నడు.

బాపమ్మ పొయ్యి ముట్టిచ్చి, లేచి, కండ్ల మీద చెయ్యి పెట్టుకొని చూసింది. పొగ లేదు. మళ్ల కూసొని అంబలి కలిపింది. మళ్ల లేచింది. పొద్దు బాగ పైకెక్కింది, అయినా అటు మనిషి అలికిడి లేదు. "నీళ్లు పొయ్యలే, కుండ బయటికి తియ్యలే" అని తనల తనే అనుకున్నది. కొడుకు వచ్చి ఊర్లెకు తీస్కపోయిండేమో అని నేనన్న. తీస్కపోతే గుడిసెకు తడక అడ్డం పెట్టి పోతరు, తడక తెరిచే ఉన్నది అన్నది. ఇగ ఆగలే. చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి చెక్కుకొని, ఒక కట్టె చేతిల పట్టుకొని, రెండో చేత్తోని నా చెయ్యి పట్టుకున్నది.

పాయల నీళ్లు ఆమెకు తొడల దాకా, నాకు నడుము దాటి వచ్చినయి. కట్టెతోని ముందు అడుగు చూసుకుంట నడిచింది. నడుమల పారుడు జోరు ఎక్కువైతే నన్ను చంకకు ఎత్తుకున్నది. అంత పెద్దగైన నన్ను ఆ పొట్టి మనిషి ఎట్ల మోసిందో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. దారిపొడుగున ఒక్క మాట మాట్లాడలే. మామూలుగ పాదులతోని గూడ మాట్లాడే మనిషి నోరు మూసుకునేసరికి నాకు భయమైంది.

చిన్న బాపమ్మ గుడిసెల చాప మీద పక్కకు తిరిగి పడి ఉన్నది. పెదవులు పగిలి తెల్లగైనయి. ఒళ్లు ముట్టుకుంటే కాలుతున్నది. నేను ఆమెను దగ్గరగ చూసుడు అదే మొదలు. ముక్కు, గదువ, చెంప మీది పుట్టుమచ్చ దాకా అంతా మా బాపమ్మనే. జర బక్కగ ఉన్నదంతే.

బాపమ్మ తన కొంగు చింపి చెలిమె నీళ్లల్ల తడిపి నెత్తి మీద వేసింది. ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు, అరచేతులకు రుద్దింది. చెంచతోని నీళ్లు పోస్తే కొన్ని లోపలికి పోయినయి, కొన్ని చెంప మీదికెల్లి కారినయి. కొంచెం సేపటికి చిన్న బాపమ్మ కండ్లు తెరిచింది. చానసేపు చూసింది.

"ఎవరు" అన్నది.

"నేనే."

"నువ్వెందుకొచ్చినవ్?"

"రాకపోతే ఎట్ల. పొయ్యి ముట్టియ్యకపోతివి."

చిన్న బాపమ్మ కండ్లు మూసుకున్నది. కానీ నెత్తి మీద వేసిన కొంగు ముక్క చివర ఆమె పిడికిట్ల ఉండిపోయింది. దాన్ని ఇడిపించుకునేటందుకు బాపమ్మ కూడ చూడలే. నన్ను పక్కన కూసొబెట్టి తాటాకు విసనకర్ర చేతికిచ్చి, తన కొంగు ఇంకింత చింపి పట్టుకొని నీళ్ల అంచుకు పోయి నిలబడి ఊపింది. కేక వేసింది. గంగ మీద మాట దూరం పోతది. ఇవతల చాచా బండి నింపుడు ఆపి చూసిండు.

ఎత్తిన కాయలన్నీ మళ్ల ఇసుక మీద దొర్లిచ్చి, బండిల గడ్డి పరిచి, ఎడ్లను పాయల దింపిండు చాచా. ఆయన ఎప్పుడూ తెల్లటి పైజామ వేసుకునేటోడు. దాని మీద మరక పడితె ఇంట్ల చాచీ ఊకోదని ఇసుకల గూడ అడుగు చూసుకుంట నడిచేటోడు. అసొంటిది ఆనాడు తొడల దాకా తడిసి, బురద కొట్టుకొని, ఎడ్ల ముంగట నడిచి వచ్చిండు. చిన్న బాపమ్మను ఇద్దరూ కలిసి ఎత్తి గడ్డి మీద పండబెట్టిండ్రు. ఆ ఒడ్డున ఆమె ఊరు చాన దూరం. మా ఒడ్డున సర్కారు దవాఖాన దగ్గర. ఇగ ఎటు పోవాలన్నది ఎవలూ ఆలోచించలే.

దవాఖానల డాక్టరు కొత్తగ వచ్చినాయన, నాగ్‌పూర్ దిక్కు మనిషి. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. బాపమ్మకు మరాఠీ బజార్ల అవసరమైనంత వచ్చు, అది గూడ తెలుగు కలిపి. సెలైన్ ఎక్కిచ్చినంక ఆయన కాగితం మీద రాసుకుంట, ఈమె మీకు ఏమైతది అని మరాఠీల అడిగిండు. నేను దాన్ని బాపమ్మకు తెలుగుల చెప్పిన. బాపమ్మ నా దిక్కు చూసింది, డాక్టరు దిక్కు చూసింది. చెల్లె అనే మాట ఆమె నోట్లె ఎన్నో ఏండ్ల నుంచి లేదు. "బళ్లె నేర్పిండ్రు గదా, చెల్లెను మరాఠీల ఏమంటరు" అని నన్నడిగింది. లహాన్ బహీణ్ అంటరని చెప్పిన.

"లహాన్ బహీణ్" అన్నది బాపమ్మ డాక్టరుతోని. ఆయన రాసుకున్నడు. ఆయన వినలేదేమో అన్నట్టు ఇంకొకసారి అన్నది. తర్వాత సూది వెయ్యనీకి వచ్చిన నర్సుతోని గూడ అన్నది. ఆమె మన తెలుగామెనే. నవ్వుకున్నది.

మంచం మీద నుంచి చిన్న బాపమ్మ సన్నటి గొంతుతోని "ఏం చెప్తున్నవ్ నా గురించి ఆయనకు" అన్నది. బాపమ్మ, నీకెందుకు, పండు అన్నది.

దవాఖాన నుంచి నాయిన ఆమెను మా ఇంటికి తెచ్చిండు. ఆమె కొడుకు కబురంది మరునాడు వచ్చిండు. ఒక పెండ్లికి మంచిర్యాల దిక్కు పోయిండట. తల్లిని చూసి ఏడ్చిండు. తీస్కపోత అన్నడు. బాపమ్మ ససేమిరా అన్నది. ఒంట్లె నెత్తురు లేని మనిషిని ఈ ఎండల గంగ ఎట్ల దాటిస్తవ్, నాలుగు మెతుకులు తిననియ్యి, అప్పుడు తీస్కపో అన్నది. మా నాయిన కూడ చిన్నమ్మను ఉండనియ్యి అన్నడు. అట్ల ఆమె మా ఇంట్లనే ఉండిపోయింది.

జర తేరుకోంగనే ఇద్దరికీ కొట్లాట మొదలైంది. పచ్చిపులుసుల ఉప్పు మీద కొట్లాట. నాకు జడ గట్టిగ వెయ్యాల్నా, వదులుగ వెయ్యాల్నా అని కొట్లాట. అవతలి తోటల కంప సరిగ లేదని బాపమ్మ అంటే, నీ తోటల నక్కలు తిన్నన్ని కాయలు నేను అమ్ముకోలే, నేను చూడలేదనుకుంటున్నవా అని చిన్న బాపమ్మ అనేది. మా బాపమ్మ ఎన్నడు మొదటి కాయ తెంపిందో, ఏ ఏడు జరమొచ్చి నాలుగు రోజులు ఇసుకలకు రాలేదో, ఆమె జాగల మా అమ్మ వచ్చి నీళ్లు పోస్తే ఎన్ని పాదులు ఎండినయో అన్నీ చెప్పింది. మా అమ్మకు సిగ్గైంది. బాపమ్మ మాత్రం తిట్లు తిన్నదాని తీరుగ లేదు. సంబురపడుతున్నట్టే ఉండే.

ఒక మాపటికి అందరం వాకిట్ల కూసొని చింతపండు గింజలు తీస్తున్నం. ఇద్దరూ ఎన్నడూ ఎత్తని మాట బాపమ్మ ఎత్తింది. తల వంచుకొని, గింజ కొట్టుకుంటనే చెప్పింది. ఆ రోజు తను రేవుకు పోయిన సంగతి, నావలు కట్టేసిన సంగతి, నీళ్లల్ల దిగబోతే నావలోళ్లు రెక్కలు పట్టి ఆపిన సంగతి. ఆ ఆఖరిది మా నాయినకు కూడ అప్పటిదాకా ఎరుక లేదు. చెప్పి, "నేను వద్దామనే వచ్చిన పిల్లా" అన్నది.

చిన్న బాపమ్మ చేతిల చింతపండు పక్కకు పెట్టింది.

"నాకెరుకనే అక్కా. ఆ గంగ నాకు గూడ కనపడ్డది గదా."

"ఎరుకైతే మరి గట్లెందుకన్నవ్?"

"అమ్మ పోయింది. నేనొక్కదాన్నే ఉన్న. ఎవలి మీదనన్న కోపం రావాలె గదా. గంగ మీద పెట్టుకుంటే గంగకేం తాకుతది. నువ్వైతే తాకుతవ్."

బాపమ్మ ఇంకొక గింజ కొట్టి, "మంచిగనే తాకింది" అన్నది. మా అమ్మ లేచి లోపలికి పోయి, పని లేకున్నా పొయ్యి కాడ గిన్నెలు సర్దుకున్నది. వాళ్లిద్దరూ మళ్ల చింతపండు దగ్గరికి తీసుకున్నరు.

మరుసటేడు గంగ చాన పెద్దగ వచ్చింది. ఊర్లెకు కూడ నీళ్లొచ్చినయి. మా వాడకట్టోళ్లమంతా మిట్ట మీది బడిల తలదాచుకున్నం. నీళ్లు తీసినంక చూస్తే ఇసుక అంతా జాగలు మారింది. పాయ రెండుగ చీలి, నడుమ కొత్తగ ఒక ఇసుక దిబ్బ లేసింది. అది ఏ రాష్ట్రంల ఉన్నదో ఎవలకు ఎరుక. అక్కచెల్లెండ్లు ఇద్దరూ దాన్ని పట్టుకున్నరు. ఒక్కటే గుడిసె, ఒక్కటే పొయ్యి. పాదుల మీద మాత్రం ఒకరినొకరు చెయ్యి పెట్టనిచ్చేటోళ్లు కాదు. నడుమ పుల్లలు పాతి హద్దు పెట్టుకున్నరు. చాచా బండితోని వస్తే, నా కాయ ముందు ఎత్తు అంటే నా కాయ ముందు ఎత్తు అని ఇద్దరూ మీద పడేటోళ్లు. ఆయన నెత్తికి చెయ్యి పెట్టుకొని, మీరు మాట్లాడుకోని రోజులల్లనే నా బేరం మంచిగుండె అక్కా అనేటోడు. ఆ దిబ్బ మీది ఎండకాలాలు నా చిన్నతనంల అన్నిటికంటె మంచి రోజులు.

ఆ తర్వాత మా నాయినకు అల్లపల్లిల కట్టె డిపోల పని దొరికింది. మా ఇంట్ల బళ్లె చదువుకున్న మొదటి మనిషి ఆయన. నెలకింత అని జీతమొచ్చే పని చేసిన మొదటి మనిషి కూడ ఆయననే. ఇల్లు వేరేటోళ్లకు ఇచ్చి సామాన్లన్నీ లారీల వేసుకొని పోయినం. బాపమ్మ రానని అనలే. కొడుకు ఉద్యోగం చూసి ఊరంతా చెప్పుకొని గర్వపడ్డది. కానీ లారీ కదిలేముందు ఒకసారి వస్త అని గంగ దిక్కు పోయి చానసేపటికి గాని రాలే. వచ్చినప్పుడు పాత గుడ్డల కట్టిన తర్బూజ గింజల మూట చేతిల ఉన్నది.

అల్లపల్లిల చుట్టూ టేకు చెట్లే. ఆకులు రాలితే రోడ్డు కనపడకపోయేది. పొద్దంతా డిపోల దుంగలు దింపే చప్పుడు. మా క్వార్టర్ వెనుక ఎర్రమట్టిల బాపమ్మ గుంతలు తీసి గింజలు పెట్టింది. తీగ పారింది గాని కాయలు పిడికిలంత అయి ఆగినయి. కోస్తే లోపల తెల్లగ, చప్పగ. ఆమె ఓడిపోయిన అనలే. ఇది వేరే రకం, కూరకు మంచిగుంటది అని చుట్టుపక్కల అందరికీ పంచింది. వాళ్లు మొహమాటానికి వండుకున్నరు. పెర్మిలి దిక్కు నుంచి సారపప్పు అమ్మనీకి వచ్చే గోండు ముసలామె ఒకామె ఉండే. ఆమెకు తెలుగు రాదు, బాపమ్మకు గోండి రాదు. ఇద్దరూ మా అరుగు మీద కూసొని, ఒకరి మాట ఒకరికి సమజ్ కాకుండనే, తంబాకు పంచుకుంట గంటలు గంటలు ముచ్చట పెట్టుకునేటోళ్లు. ఏం మాట్లాడుకున్నరు బాపమ్మా అంటే, ఆమె కోడలు మంచిది కాదట అనేది.

నాకైతే సిరొంచ మీద బెంగ పోవడానికి చాన ఏండ్లు పట్టింది. పోయిందో లేదో కూడ ఎరుక లేదు. ఇప్పుడు నాగ్‌పూర్‌ల ఉంట. ఇంట్ల పిల్లలు మరాఠీ, హిందీ మాట్లాడుతరు. నేను ఎవలితోనన్న ఫోన్ల తెలుగు మాట్లాడితే, అది మా బాపమ్మ మాటనే నా నోట్లకెల్లి వస్తది. సిరొంచ కాడ ఇప్పుడు వంతెనలు వచ్చినయి. బస్సుల కూసొని కన్ను మూసి తెరిచేలోపల గంగ దాటొచ్చు. మొన్న ఒకసారి పోయి వంతెన మీద దిగి చూసిన. నీళ్లు నిండుగ ఉన్నయి. మా దిబ్బ ఎక్కడ ఉండెనో వేలు పెట్టి చూపెడుదామంటే నాకు చాతగాలే.

బాపమ్మ అల్లపల్లిలనే పోయింది. ఎనభైలు ముగుస్తున్న రోజులు, చలికాలం. ఏమంత జబ్బు పడలే. కొన్ని దినాలు అన్నం సయించలే, ఒక పొద్దుగాల నిద్రల నుంచి లేవలే. కబురు అందుకొని చిన్న బాపమ్మ నావల గంగ దాటి, బస్సు పట్టుకొని వచ్చింది. మనుమనితోని వచ్చింది. బస్సు దిగి మా వాకిట్లకు వచ్చేదాకా ఏడవలే. వచ్చినంక అక్క తల తన ఒళ్లెకు తీసుకొని, చిక్కులు తీసి, వెంట్రుకలు దువ్వి కొప్పు వేసింది. వేరే ఎవలనూ ముట్టనియ్యలే.

దినాలన్నీ అయ్యేదాకా మాతోనే ఉన్నది. పోయేటప్పుడు నాయిన, నేను ఆమెను దిగబెట్టనీకి పోయినం. నాయినకు డ్యూటీ ఉండె, ఆ రోజే తిరిగిపోయిండు. నన్ను నాలుగు రోజులు తన కాడ ఉంచుమని ఆమెనే అడిగింది. అంతవరకు గంగ అవతలి ఆ ఊరు నేను చూడనే లేదు. మా బాపమ్మ పుట్టిన ఊరు అదే. చిన్న బాపమ్మ ఆ ఊర్లెనే పుట్టింది, ఆ ఊర్లెనే మెట్టింది.

మరునాడు పొద్దుగాల ఎండల కూసొని మక్క గట్క తినుకుంట ఆమె ఒక ముచ్చట చెప్పింది. మా బాపమ్మకు చిన్నప్పుడు నీళ్లంటే మస్తు భయమట. వాగుల కాలు పెట్టాలంటే ఊరంతా వినపడేటట్టు ఒర్లేదట. నేను నమ్మలే. నన్ను చంకకు ఎత్తుకొని పాయ దాటిన మనిషి ఆమె. చిన్న బాపమ్మ ఒట్టు పెట్టుకున్నది. పెండ్లయి సిరొంచకు సాగనంపేటప్పుడు నావ ఎక్కనంటే ఎక్కనని రేవుల చెట్టు పట్టుకున్నదట. పెండ్లికొడుకు, మా తాత, సిగ్గుకు తల దించుకొని నిలబడ్డడట. ఆఖరికి పెండ్లిబిడ్డకు తోడుగ పోతున్న చెల్లెను ముందు ఎక్కిచ్చిండ్రట. అప్పుడు ఎక్కింది.

"ఎక్కినంక నా జడ పట్టుకున్నదే బిడ్డా. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇడువలే. నా నెత్తి మీద తోలు ఊడొస్తదనుకున్న."

అంతటితోని ఆగలే. లేచి నిలబడి, మా బాపమ్మ నావల కూసొని ఏడ్చిన తీరు చేసి చూపెట్టింది. కండ్లు గట్టిగ మూసుకొని, నోరు పెద్దగ తెరిచి, నడుమ నడుమ ఒక కన్ను తెరిచి నీళ్లు ఎంత దూరం ఉన్నయో చూసుకొని, మళ్ల ఏడుపు ఎత్తుకున్నది. ఆ మొఖం అచ్చం మా బాపమ్మ మొఖమే. నాకు నవ్వు ఆగలే. నన్ను చూసి ఆమెకు నవ్వొచ్చింది. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి, కండ్లకెల్లి నీళ్లు కారేటట్టు నవ్వుతుంటే, ఆ చప్పుడుకు ఆమె కోడలు పొయ్యి మీద ఎసరు వదిలేసి లోపలి నుంచి ఉరికొచ్చింది, మేము ఏడుస్తున్నమనుకొని.